ఇద్దరి ముందూ చెప్పే ధర

పెద్దబాపు పోయాడన్న కబురు నాకు రాజురాలో, డీజిల్ బంకు దగ్గర తెలిసింది. ట్రాక్టర్ మీద కూర్చునే ఫోను ఎత్తాను. "పొద్దుగాల చాయ్ పట్కపోయి లేపిన బిడ్డా. లేస్తలేడు," అంది పెద్దమ్మ. ఆమె గొంతులో ఏడుపు లేదు. పాలు విరిగాయని చెప్పినట్టు చెప్పింది. బంకతను "ఫుల్ కరూ కా, తాయీ?" అని మరాఠీలో అడిగితే ఏమడిగాడో కూడా వినకుండా తలూపాను. ట్రాక్టర్ కొన్నప్పటి నుంచీ ట్యాంకు నిండా డీజిల్ పోయించింది ఆ ఒక్కరోజే.

ఆయన మా నాన్నకు అన్న. మావాళ్లు కరీంనగర్ వైపు నుంచి బొగ్గుగనుల పనికి చంద్రపూర్ వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. పెద్దబాపు గనిలో పంపులు నడిపి, రిటైరై, విరూర్‌లో స్టేషను అవతల చిన్న ఇల్లు కట్టుకున్నాడు. కానీ ఈ చుట్టుపక్కల ఆయన్ను గనిమనిషిగా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. రాజురా నుంచి జివతి కొండల దాకా పాత చిన్న ట్రాక్టర్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోవాలంటే ఆయన వచ్చి ధర చెప్పాలి. అదీ ఆయనకున్న పేరు.

చిన్న ట్రాక్టర్ అంటే మా తరం బండ్లు. మేం బడికి పోయే రోజుల్లో కంపెనీలోంచి బయటికొచ్చినవి. పత్తి సాళ్ల మధ్య ఇరుకులో దూరతాయి, చెడిపోతే ఊళ్లోనే బాగవుతాయి. కొత్తవి మాలాంటివాళ్లకు అందవు కాబట్టి ఆ పాతవాటికే గిరాకీ. అయితే ముప్పై ఏళ్లు దాటిన బండికి ధర ఎంతని ఏ కాగితమూ చెప్పదు. అమ్మేవాడు దాని మీద ఉన్న ప్రేమను కూడా కలిపి చెప్తాడు, కొనేవాడు తన భయాన్ని తీసేసి అడుగుతాడు.

మా తాత పశువుల సంతలో బేరగాడు. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునే రోజులవి. అమ్మేవాడికి ఒక లెక్క, కొనేవాడికి ఒక లెక్క, మధ్యలోది తాత జేబుకి. పెద్దబాపు చిన్నతనమంతా ఆ తువ్వాలు మోస్తూనే గడిచింది. అందుకేనేమో, తన వంతు వచ్చేసరికి తువ్వాలు తీసి అవతల పారేశాడు. "నేను ధర చెప్తే రెండు దిక్కులా వినవడాలె," అనేవాడు. ఇద్దరూ ఎదురుగా నిలబడితే తప్ప నోరు తెరిచేవాడు కాదు. ధర చెప్పేదాకా అమ్మే ఇంట్లో చాయ్ కూడా ముట్టేవాడు కాదు. ఎవరి దగ్గరా పైస తీసుకునేవాడు కాదు, తీసుకుపోయినవాళ్లు మళ్లీ ఇంటి దగ్గర దింపాలి, అంతే.

ఇదంతా విని ఆయనేదో వినయం మూర్తీభవించిన మనిషి అనుకోకండి. పెద్దబాపుకు మహా డాబు. ట్రాక్టర్ చూడ్డానికి పోతూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకునే మనిషిని ఇంకెక్కడా చూడలేదు. చెవి వెనక అత్తరు. బండి కిందికి దూరేముందు ఒక గోనెసంచి పరిపించుకుని, పెండ్లిలో పీటల మీద కూర్చున్నంత దర్జాగా పడుకునేవాడు. బయటికొచ్చాక ముందు చొక్కా చూసుకునేవాడు. మరక పడితే, "ఇగో, ఆయిలు ఇక్కడ కారుతుంది," అని అమ్మేవాడికి చొక్కానే చూపించేవాడు. చాకలి ఖర్చు కూడా ధరలోంచి కోస్తానని బెదిరించేవాడు.

పోగానే ఇంజన్ మీద అరచెయ్యి పెట్టేవాడు. వెచ్చగా ఉంటే ఇంకేం మాట్లాడడు, "రేపు వస్తా, దీన్ని ముట్టకుండ్రి," అని తిరిగి బయల్దేరేవాడు. ముందే నడిపి వేడి చేసిన బండి సుఖంగా స్టార్టవుతుంది, చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తేనే దాని రోగం బయటపడుతుందని ఆయన లెక్క. తర్వాత మీటరు వైపు చూడకుండా క్లచ్ పెడల్ చూసేవాడు. మీటరు మార్చొచ్చు, ఏళ్ల తరబడి కాలు రాసి అరిగిన ఇనుమును ఎవడు మారుస్తాడు? వెనక దున్నే కల్టివేటర్ తగిలించి పైకెత్తి, ఇంజన్ ఆపి, బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేలోపు అది కిందికి జారితే లిఫ్టు పోయినట్టే. "గీ బండి ఎంత చేస్తదని అడగకు బిడ్డా. దీని మీద ఇంకెంత పెట్టాలె, గది అడుగు. మంచి బండి ధరలోంచి గది తీసేస్తే మిగిలిందే ధర," అని నాకు చెప్పింది ఆయనే.

ఉన్నదున్నట్టు చెప్పే ఆ జబ్బు ట్రాక్టర్ల దగ్గర ఆగితే బాగుండేది. అత్తగారింట్లో జరిగిన నా పెండ్లిలో మా మామగారు మర్యాదకు "భోజనాలు ఎట్లున్నయి బావా?" అని అడిగితే, "అన్నం జర మెత్తగైంది, పప్పుల ఉప్పు లేదు," అని పంక్తి మొత్తం వినేలా చెప్పాడు. మా అత్తగారు ఆ మాట నా చేత చాలా ఏళ్లు మోయించింది.

ఇక నా సంగతి. మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చేను చూసుకోవాల్సింది నేనే. మా బావ, అంటే ఆయన అన్న, ఆ ఎండాకాలం మా ఇంటికొచ్చి, "ఆడమనిషివి, నీతోని ఏడైతది? చేను నాకియ్యి, కౌలు కడ్త," అన్నాడు. మాట మెత్తగానే ఉంది. కానీ కౌలుకని ఆయన చేతికి పోయిన వాళ్ల చెల్లెలి చేను ఇప్పటికీ ఆయన చేతిలోనే ఉన్న సంగతి నాకు తెలుసు. ఈ వానాకాలం నేను విత్తలేకపోతే మాది కూడా అటే పోతుంది. ఎద్దుల్ని తోలే బలం నాకు లేదు, స్టీరింగ్ పట్టుకోగలను. ఎద్దుల జోడి అమ్మేసి ఆ డబ్బు పట్టుకుని పెద్దబాపు దగ్గరికి పోయాను.

రాజురాలో మొదటి బండి ఎర్రగా మెరిసిపోతోంది. నాకైతే నచ్చింది. ఆయన దిగనైనా దిగకుండా, "కొత్త రంగు జూస్తె నాకు భయం," అని కిరాయి జీపును వెనక్కి తిప్పించాడు.

రెండోది జివతి కొండ మీద. అక్కడా మన తెలుగువాళ్లే. అమ్మేది ఒక ముసలాయన, ఒంటరి మనిషి. బండి నల్లగా పొగ కక్కుతోంది, ఎక్కుడు వస్తే లాగడం లేదు, ఇంజన్ అయిపోయిందని మెకానిక్ ఎవరో చెప్పాడట. ముసలాయన చెప్పిన ధర విని నాకు లోపల సంబరమైంది. అంత తక్కువ. ఎద్దుల డబ్బులో ఇంకా మిగిలి విత్తనాలకు కూడా వస్తుంది. పైకి మాత్రం మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాను, బేరమంటే అట్లాగే ఉండాలని.

పెద్దబాపు చల్లటి ఇంజన్ స్టార్టు చేయించాడు. పొగ చూశాడు. ఆపించి, గాలి వడకట్టే గిన్నె విప్పాడు. అందులో ఆయిలు లేదు, గట్టిపడ్డ మట్టి ఉంది. డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిలు పోసి, మళ్లీ బిగించాడు. ఈసారి స్టార్టు చేస్తే కాసేపు నల్లగా వదిలి, తర్వాత పొగ పలచబడి పోయింది. ముసలాయన్నే ఎక్కి గట్టు మీదికి నడపమన్నాడు. బండి చులాగ్గా ఎక్కింది.

చేతులు తుడుచుకుని, మా ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి చెప్పాడు. "పటేలా, నువ్వు అడిగింది తప్పు ధర. ఇంజన్ మంచిగున్నది. నువ్వు అడిగినదానికి ఒకటిన్నర రెట్లు చేస్తది."

ఒకటిన్నర రెట్లు అంటే నా దగ్గరున్నదానికి పైన. కనీసం నా వైపు చూసైనా చెప్పలేదు. ముసలాయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. సీటు మీద చెయ్యి వేశాడు. తర్వాత తాళంచెవి తీసి జేబులో వేసుకుని, "మంచిగున్నదంటే ఇగ అమ్ముడెందుకన్నా? నేనే నడుపుకుంట," అన్నాడు. లోపలికి పోయి చాయ్ పెట్టుకొచ్చాడు. పెద్దబాపు రెండు కప్పులు తాగాడు. నా కప్పు మీద ఈగలు వాలాయి.

కొండ దిగుతూ జీపులో నేను ఊరుకోలేదు.

"నువ్వు నాకు పెద్దబాపువా, ఆయనకు పెద్దబాపువా?"

"ధర చెప్పేటప్పుడు ఎవ్వలకూ కాదు బిడ్డా."

"నోరు మూసుకుంటే ఏం పోయేది నీది?"

"మూసుకుంటే నీకు బండి దొరికేది. నిజమే. రేపు నువ్వు బండి అమ్మవోతే, కొనేటోడు నా మాట ఎందుకు వింటడు?"

"రేపటిది రేపు. నా చేను ఈ యేడు పోతది."

ఆయన విరూర్ వచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంటి దగ్గర దిగుతూ, "ఎతుకుత," అన్నాడు. నేను తల కూడా తిప్పలేదు.

వానలు పడ్డాయి. అద్దె ఎద్దులు దొరికిన రోజు దొరికాయి, దొరకని రోజు లేవు. సగం చేను విత్తేసరికి ప్రాణం పోయింది. మిగతా సగంలో గడ్డి మొలవసాగింది. మా బావ రోజూ వచ్చి గట్టు మీద నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు, చేతులు వెనక్కి కట్టుకుని ఆ గడ్డి చూసిపోయేవాడు. "గా సగమన్న ఇయ్యరాదు," అని ఒకరోజు అననే అన్నాడు. ఆదివారం చెప్తానన్నాను. ఇచ్చేద్దామనే మా ఆయన కూడా అన్నాడు.

శుక్రవారం పెద్దబాపు తెల్లచొక్కాలో దిగాడు. "నడు," అన్నాడు. కోపం తగ్గకపోయినా జీపెక్కాను. ఈసారి అమ్మేవాడు ఎరువుల వ్యాపారి, చెప్పిన ధర మీద రూపాయి దిగడని పేరు. ఆయన చెప్పింది నా డబ్బుకు చాలా పైన. పెద్దబాపు అరచెయ్యి పెట్టాడు, పెడల్ చూశాడు, బీడీ కాల్చాడు. బీడీ సగంలో ఉండగానే కల్టివేటర్ నేల మీద ఆనింది. ఆయన లేచి, మమ్మల్నిద్దర్నీ దగ్గరికి పిలిచి, లిఫ్టు బాగుచేతకు ఇంత, వెనక టైర్లకు ఇంత, అవి తీసేస్తే మిగిలింది ఇదీ అని చెప్పాడు. ఎద్దుల డబ్బులో సరిపోయింది. బాగుచేతకు కూడా కొంచెం మిగులుతుంది.

వ్యాపారి గొడవకు దిగుతాడని నేను కాలు వెనక్కి వేశాను. ఆయన మాత్రం పెద్దబాపును ఎగాదిగా చూసి, "జివతిల సొంత బిడ్డ ముంగటనే ధర పెంచింది నువ్వేనా?" అని అడిగాడు.

"నేనే. గా బిడ్డ ఈమెనే."

వ్యాపారి నన్ను చూసి నవ్వాడు. "అయితె సరే. తీస్కపో చెల్లే," అన్నాడు. బేరం అక్కడితో అయిపోయింది.

ఇంజన్ నడుస్తున్నంతసేపు లిఫ్టు పనిచేస్తుంది కాబట్టి బాగుచేత తర్వాతికి వదిలి, శనివారం పొద్దుటి నుంచి గడ్డి దున్నాను. పత్తికి అదను దాటింది కాబట్టి కంది వేశాను. ఆదివారం మా బావ వచ్చేసరికి నేను ట్రాక్టర్ మీద ఉన్నాను. చప్పుడుకు ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆ చేను ఇప్పటికీ మా చేతిలోనే ఉంది. ఇది పెద్దబాపు నాకిచ్చింది. పక్షపాతం చేయకుండా ఇచ్చాడు, అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం. జివతి బండి దక్కలేదన్న కోపం కూడా కొంచెం అట్లాగే ఉంది. అది ఇంకా బ్రహ్మాండంగా నడుస్తోందట.

పెద్దబాపు పోయిన తొమ్మిదోనాడు మేమంతా విరూర్‌లో ఉండగా ఇంటి ముందు ఒక పాత నీలం ట్రాక్టర్ వచ్చి ఆగింది. అమ్మేది కొండ కింది రైతు. కొనేది ఊర్జానగర్‌లో కరెంటు ప్లాంటు ఉద్యోగం చేసి రిటైరై, ఊరి బయట కాస్త భూమి కొన్న పెద్దమనిషి. ఇద్దరికీ విషయం తెలియదు. గుమ్మంలోంచి దండ వేసిన ఫొటో చూసి అక్కడే ఆగిపోయారు. పెద్దమ్మ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. "ఆయన లేడు. మీ ధర మీరే మాట్లాడుకోండ్రి," అంది.

ఇద్దరూ బయటికి పోయి బండికి చెరోపక్క నిలబడ్డారు. "నేను చెప్తె ఎక్కువంటడు," అన్నాడు రైతు. "నేను చెబితే తక్కువంటాడు," అన్నాడు పెద్దమనిషి. కాసేపటికి రైతు నా వైపు తిరిగి, "జివతి బండి పోగొట్టుకున్న బిడ్డవు నువ్వే గదా? నువ్వు చెప్పు," అన్నాడు. నాకు చేతకాదన్నాను. "నీకు గాకపోతె ఇంకెవ్వలకు చేతనైతది?" అన్నాడు. పెద్దమనిషి కూడా తలూపాడు.

ఇంజన్ వేడిగా ఉంది, ఈరోజు చూడలేను, ఇక్కడే వదిలిపొమ్మన్నాను. ఒకాయన బస్సుకు, ఒకాయన మోటారు సైకిల్ మీద వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున పెద్దమ్మ పాత చీర పరుచుకుని బండి కిందికి దూరాను. క్లచ్ పెడల్ చూశాను, లిఫ్టు ఎత్తి చూశాను. ఇంకెంత పెట్టాలో మనసులో తీసేసుకుంటూ పోయాను. ధర తెలిసింది. వాకిట్లోకి వచ్చిన పెద్దమ్మ, "ఎంత చేస్తది బిడ్డా?" అని అడిగింది.

"వాళ్లిద్దరు రావాలె పెద్దమ్మా," అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. అప్పుడు ఏడ్చింది, పెద్దబాపు పోయాక మొదటిసారి. తర్వాత కళ్లు తుడుచుకుని లోపలికి పోయి, కడిగిన జొన్నలు తెచ్చి, "వాళ్లొచ్చేదాక ఇది కదలదు గదా," అంటూ ఎండకు కాగుతున్న ఆ నీలం బానెట్ మీద పలచగా ఆరబోసింది.