ఏడు గౌన్ల రుజువు

మనుషుల మీద నాకు పెద్దగా భ్రమలు లేవు. కడప బజారులో జాకెట్లు కుట్టి బతుకుతున్నదాన్ని. కొలతలు ఇస్తూ ఆడవాళ్లు నాకు చెప్పుకోని సంగతి లేదు. అయినా అయాజ్ చేసిన పని మాత్రం నేను కూడా ఊహించనిది.

అయాజ్ మా షమా మాజీ మొగుడు. షమా నా దుకాణంలోనే ఒక పక్క కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది, పండగలకూ పెళ్లిళ్లకూ మెహందీ పెడుతుంది. మాట తక్కువ మనిషి. సూది వేలిలో దిగినా నోరు తెరవదు. చీరలో మిగిలిన జానెడు ముక్కను కూడా మడిచి చీరతోపాటే ఇచ్చేస్తుంది. "ఎవరు అడిగినారే ఆ ముక్కను?" అని నేను కసురుకుంటే నవ్వి ఊరుకుంటుంది. తలాక్ అయినప్పుడు పుట్టింటివాళ్లు పెట్టిన బీరువా కూడా అడగకుండా వచ్చేసింది. కూతురు తబస్సుమ్‌ను మాత్రం ఎవరికీ వదల్లేదు.

పాపకు ఎనిమిదేళ్లు. ఆమె ఖర్చుకు నెలకు నాలుగు వేలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. అయాజ్ వేంపల్లెలో పాత బైకులు కొని అమ్ముతాడు, ఆ మాత్రం ఇవ్వలేనివాడేమీ కాదు. రెండు నెలలు షమా ఖాతాలో వేశాడు. రంజాన్ నెల నుంచి ఆపేశాడు. డబ్బు కోసం ఫోన్ చేస్తే "చేతిలో లెక్క లేదు షమా, బ్యారం నడవడంల్యా" అనేవాడు. అదే వారం కొత్త బండి మీద కూర్చుని నల్లద్దాలతో స్టేటస్ పెట్టేవాడు. సిగ్గూ ఎగ్గూ ఉన్నవాడైతే కదా!

ఫీజు కట్టలేదని బడివాళ్లు పాపను రెండుసార్లు ఇంటికి పంపారు. మూడోసారి పంపితే ఇక రానివ్వం అన్నారు. అప్పుడు గానీ షమా మళ్లీ లాయరు దగ్గరికి పోలేదు. అప్పటికి ఏడు నెలల బాకీ.

అయాజ్ కోర్టుకు ఇచ్చిన జవాబు జిరాక్సు తెచ్చి లాయరు మా చేతిలో పెట్టాడు. నెలకోసారి పాప దాదీని, అంటే నాయనమ్మను, చూడటానికి వేంపల్లె వచ్చేదనీ, వచ్చినప్పుడల్లా నాలుగు వేలు బిడ్డ చేతికే ఇచ్చాననీ, తల్లి ఆ డబ్బు తినేసి నాటకమాడుతోందనీ రాశాడు. రుజువుగా ఏడు ఫొటోలు పెట్టాడు. ఒక్కో ఫొటో కింద ఒక్కో నెల పేరు. ఒక్కో ఫొటోలో ఒక్కో గౌను. అన్నింట్లోనూ తబస్సుమ్ ఐదువందల నోట్లు విసనకర్రలా పట్టుకుని పళ్లు కనబడేలా నవ్వుతోంది. ఎన్నికలప్పుడు బియ్యం మూట పంచి పక్కన నిలబడి ఫొటో తీయించుకునేవాళ్లను చూసి రోత పుట్టేది నాకు. వీడు కన్నబిడ్డనే అలా నిలబెట్టాడు.

ఆ ఫొటోలు చూసినవాళ్లు అయాజ్ మాటే నమ్మారు. తలాక్ నాడు పెద్దమనిషిగా కూర్చున్న మీరా హుస్సేన్ సాయెబు దుకాణం ముందు స్కూటర్ ఆపి, "బిడ్డ నవ్వుతాండాదే షమా! ఊరికే వాణ్ని అంటే ఎట్ల? ఆ లెక్క యాడ పెట్టిందో బిడ్డను అడుగు" అని సలహా పారేసి పోయాడు. తల్లి దొంగ కాకపోతే ఎనిమిదేళ్ల పిల్ల దొంగ అన్నమాట. తండ్రి మాత్రం కాదు! నాకు ఒళ్లు మండిపోయింది.

బడి నుంచి వచ్చిన పాపను షమా దగ్గరికి తీసుకుంది.

"అబ్బా నీకు లెక్క ఇచ్చినాడా?"

"ఇచ్చినాడు."

షమా పాప భుజాలు పట్టుకుంది. "యాడ పెట్టినావు?"

పాప తల వంచుకుంది. ఎంత అడిగినా నోరు విప్పలేదు. షమా చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి బిడ్డ మీద లేవడం నేను ఏనాడూ చూడలేదు. గబుక్కున ఆ చెయ్యి పట్టుకుని, ఫొటోల కాగితాలు పాప ముందు పరిచాను.

పాప ముఖం వెలిగిపోయింది.

"నా గౌన్లు! వచ్చినాయా పెద్దమ్మా?"

పాప ఒక్కో గౌను మీదా వేలు పెట్టి చూపిస్తూ తనే చెప్పుకొచ్చింది. రంజాన్ పండగ మర్నాడు అబ్బా స్నేహితుడి బట్టల దుకాణానికి తీసుకుపోయాడట. ఒక గౌను తొడిగి, నోట్లు చేతిలో పెట్టి, నవ్వమని ఫొటో తీశాడట. అది విప్పించి ఇంకొకటి. దాన్నీ విప్పించి మరొకటి. అన్నీ అయ్యాక నోట్లు జేబులో పెట్టుకుని, గౌన్లు మళ్లీ కొక్కేలకు తగిలించి, ఒక ఐస్‌క్రీమ్ కొనిచ్చాడట.

"అమ్మీకి చెప్తే గౌన్లు ఇయ్యనన్యాడు. నేను చెప్పలే పెద్దమ్మా. ఒట్టు, ఎవురికీ చెప్పలే!"

అన్ని నెలలుగా ఆ పిల్ల ఆ గౌన్ల కోసం ఎదురుచూస్తోంది. నెలనెలా వేంపల్లె పోయి ఉత్త చేతులతో వచ్చి, రేపో మాపో వస్తాయని నోరు కట్టుకుని కూర్చుంది. ఇవ్వదలచుకోని డబ్బుకు ముందుగానే రుజువు తయారు చేసి పెట్టుకున్నాడు ఆ తండ్రి. వాణ్ని తిట్టడానికి నాకు వచ్చిన తిట్లు చాల్లేదు.

షమా ఏడవలేదు. పాప అరచేయి తెరిచి చూసింది, తర్వాత ఫొటోలు చూసింది. "అక్కా, మెహందీ చూడు" అంది. పండగ ముందు నాడు కూతురికి తనే పెట్టింది. పెడుతుండగా పాప తుమ్మితే కోన్ జారి, ఒక తీగ మణికట్టు దాకా వంకరగా పోయింది. ఆ వంకర తీగ ఏడు ఫొటోల్లోనూ నల్లగా కనబడుతోంది. పదిహేను రోజులు నిలవని మెహందీ ఏడు నెలలు నిలిచిందట! గౌన్లు మార్చాడు గానీ బిడ్డ చెయ్యి చూడలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

లాయరుకు చెబితే, పాపను తీసుకొచ్చి కోర్టులో చెప్పించమన్నాడు.

"నా బిడ్డతో వాళ్ల అబ్బా దొంగని చెప్పించను సార్" అంది షమా. "మెహందీ చాలకపోతే కేసు పోనీండి." ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

వాయిదా నాడు తోడుగా నేనూ వెళ్లాను. లాయరు వంకర తీగనూ, పాప తుమ్మిన సంగతినీ చెబితే, జడ్జి మేడం ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూసింది. అసలు ఫోన్ ఏదంటే నీళ్లలో పడిపోయిందన్నాడు అయాజ్. మెహందీ సంగతి అడిగితే ఏమాత్రం తడబడకుండా, "మా అమ్మ నెలనెలా పెట్టిస్తాది మేడం" అన్నాడు.

"పాప తుమ్మడం కూడా నెలనెలా అదే చోటనా?" అంది మేడం.

వెనక బెంచీ మీద వాడి తల్లి జులేఖా బీ కొంగు ముఖం మీదికి లాక్కుంది. పాపను పిలవాల్సిన పని పడలేదు. బాకీ అంతా కట్టాలనీ, ఇకమీదట డబ్బు బ్యాంకు ఖాతాలోనే వేయాలనీ ఉత్తర్వు ఇచ్చారు.

వాడు సిగ్గుపడతాడనుకున్నాను. బయటికి రాగానే కొంత డబ్బు ఫోన్‌లో పంపి, ఆ ఫోన్ తన స్నేహితులకు చూపించాడు. "చూడండప్పా, బిడ్డంటే నాకు పానం. స్టేటస్ పెడతా" అన్నాడు. కోర్టు ఆవరణ అని కూడా చూడకుండా వాడి చెప్పుల పక్కన థూ అని ఉమ్మాను.

ఆ డబ్బుతో షమా బడి ఫీజు కట్టింది. మిగిలినదాంట్లో పాపకు ఉల్లిపొర రంగు గుడ్డ తెచ్చింది. కూలి మాటెత్తితే ఊరుకోనని చెప్పి, కుచ్చులు పెట్టి గౌను కుట్టాను. పాప తొడుక్కుని గిర్రున తిరిగింది. ముచ్చటేసి నా ఫోన్ ఎత్తాను.

ఫోన్ చూడగానే పాప కదలకుండా నిలబడింది. కుడి చెయ్యి ముందుకు చాపి, పళ్లు కనబడేలా నవ్వింది. నేను ఫొటో తీశాను. వెంటనే రెండు చేతులూ వీపు వెనక్కి పోనిచ్చి హుక్కులు వెతుక్కోసాగింది.

"ఏందే, బిగుతుగా ఉండాదా?" అన్నాను.

"లేదు పెద్దమ్మా. ఫొటో అయిపోయిందిగా, ఇప్పేస్తాండా."