కడిగేసిన గోడ

కాలిఫోర్నియాలోని ఆ చిన్న ఊళ్లో బచిత్తర్ సింగ్ రోజూ తెల్లవారగానే గురుద్వారా గోడ చూసుకునేవాడు. ఎవరో రంగుతో రాసిపోయిన తిట్లు కనబడితే, వాహెగురూ అని దేవుణ్ణి తలుచుకుంటూ, పిల్లలు పాఠాలకు రాకముందే గీకి కడిగేసేవాడు. అదీ సేవే అనుకున్నాడు. నిన్న ఎవరో విసిరిన రాయికి ఒక పాప నుదురు చిట్లింది. గేటు దగ్గర కాపలా పెట్టమని అడిగితే, పోలీసమ్మ ఆయనిచ్చిన చాయ్ తాగుతూ కాగితం తిరగేసింది.

"ఇదివరకు ఇలాంటివేమైనా జరిగాయా?"

"పదకొండుసార్లు గోడమీద రాశారమ్మా."

"ఫొటోలున్నాయా?"

"కడిగేశాను."

"బాగుంది! సాక్ష్యం మీరే కడిగేసుకున్నారు పెద్దాయనా. సర్కారు లెక్కలో నిన్నటిదాకా మీమీద ద్వేషనేరాలు సున్నా. సున్నాకి కాపలా ఎవరిస్తారు? ఈసారి రాస్తే ముట్టుకోకండి. పదింటికి వచ్చి చూస్తాం."

బచిత్తర్ సింగ్ చేతులు జోడించాడు.

"పిల్లలు ఎనిమిదింటికే వస్తారమ్మా. ఆ ఒక్కరోజూ కాస్త ముందుగా రారూ? చిన్నవాళ్లకు కూడా చదవడం వచ్చేసింది."