తల వంచని కోను

ఇప్పుడంటే నా దగ్గర మట్టిపని నేర్చుకునే పిల్లలు "మేడమ్‌కి ఎంత ఓపికో!" అనుకుంటున్నారు గానీ, అరకులో కొత్తగా పనికి చేరిన ఆ రోజుల్లో నన్ను చూసి ఉంటే పడిపడి నవ్వేవాళ్ళు. కుదురుగా కూర్చోవడం నా జాతకంలోనే లేదు. అన్నం ఉడికిందో లేదో అని పదిసార్లు మూత తీసి, చివరికి పలుకుగా ఉండగానే దించేసే రకం. (ఇది మా నాన్న పోలికే. కాఫీ ఆరేదాకా ఆగలేక, సాసర్లో పోసుకుని జుర్రేసే మనిషాయన.) అలాంటి నన్ను తీసుకెళ్ళి మట్టిపాత్రలు కాల్చే బట్టీకి కాపలా పెట్టారు, నాకు పని నేర్పే మాస్టారు.

ఆ మట్టిపని నాన్నకి బొత్తిగా ఇష్టం లేదు. "డిగ్రీ సదివి కప్పులు సేత్తావేటే? బ్యాంకు కోచింగుకి ఎల్లు" అని ఫోన్లో ఒకటే పోరు. పోరగా పోరగా ఒక మాట మీదకి వచ్చారు. "ఎల్లుండి రైలుకి వత్తన్నాను. నువ్వు సేసిన కప్పుతో కాఫీ ఇయ్యి. బాగుంటే సరి, నేదంటే పెట్టి సర్దుకుని నాతో వచ్చీ." నా కప్పులూ సాసర్లూ అన్నీ ఆ రోజు మొదటిసారి వెలిగించబోతున్న కొత్త గ్యాస్ బట్టీలోనే ఉన్నాయి. ఇక నా కాళ్ళు నేల మీద నిలుస్తాయా?

ఆ పొద్దున్నే మాకు వండిపెట్టే క్యాంటీన్ పిన్ని గొడవ పెట్టుకుంది. "కొత్త బట్టీకి పూజ నేకుండా నిప్పెట్టేత్తారేటి బాబూ?" అంది. "గ్యాస్ దగ్గర హారతులా! నీకో దండం పిన్నీ" అన్నారు మాస్టారు. పిన్ని మూతి ముడుచుకుంది గానీ, బట్టీ తలుపు మూసేదాకా అక్కడే తచ్చాడింది.

బట్టీలో వేడి ఎంతయిందో చెప్పేవి కోన్లు. వేలెడంత పొడవున్న మొనదేలిన మట్టి పుల్లలు, మూడు వరసగా నిలబెడతారు. వేడి అందేకొద్దీ ఒకదాని తర్వాత ఒకటి మెత్తబడి తల వంచుతాయి. "మీటర్ని నమ్మకు, కోన్ని నమ్ము. మధ్యది వంగగానే గ్యాస్ కట్టెయ్. మూడోది కూడా వంగిందో, పైనున్న గ్లేజు పూత కరిగి కారిపోయి కప్పులన్నీ అంటుకుపోతాయి" అని చెప్పి, సిలిండర్ల పని మీద మాస్టారు జీపెక్కి పాడేరు వెళ్ళిపోయారు.

ఇక చూస్కోండి నా అవస్థ! గోడకున్న కంతలోంచి ఇటుక లాగడం, వెల్డింగ్ వాళ్ళ నల్లద్దం అడ్డం పెట్టుకుని తొంగిచూడడం, మళ్ళీ మూయడం. లోపలంతా నిప్పు రంగు. ఆ వెలుగులో ఒక్క మొన మాత్రం నిటారుగా కనిపించేది. మిగతా రెండూ దాని వెనకున్నాయి కాబోలు, ముందుదే వంగకపోతే వెనకవెలా వంగుతాయి అనుకున్నాను. నాలుగడుగులు వేయడం, మళ్ళీ చూడడం. కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగాను. "ఊరికే సూత్తే బేగి కాలిపోద్దేటి? కూకో గుంటా!" అంది పిన్ని టీ ఇస్తూ. ఒకసారి తొందరలో అద్దం మరిచిపోయి చూశాను. ఎడమ కనుబొమ్మ చుర్రుమంది. "వంగవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాను. ఊహూ! అది మాత్రం చలించలేదు.

సాయంత్రం జీపు దిగుతూనే మాస్టారు "ఇంకా ఆర్పలేదా!" అని ఒక్క గంతులో వచ్చి గ్యాస్ కట్టేశారు.

మర్నాడు తలుపు తీస్తే అసలు సంగతి తెలిసింది. కంతకి ఎదురుగా, వేలెడంత మట్టి వినాయకుడు మొనదేలిన కిరీటంతో రాజాలా కూర్చున్నాడు. పిన్ని చేసిందే. తలుపుకి అడ్డం పేర్చే ఇటుకల కోసం మేం వెళ్ళినప్పుడు లోపల పెట్టేసిందట. ఆయన వెనక మూడు కోన్లూ సాష్టాంగపడి ఉన్నాయి. "సూసారా బాబూ! మీరు పూజ సెయ్యపోయినా అయ్యే దండాలెట్టేసాయి" అని పిన్ని చెంపలేసుకుంది. మాస్టారు నవ్వాలో ఏడవాలో తెలీక తల పట్టుకున్నారు. నేను మాత్రం ఏడ్చాను. కప్పులన్నీ కింద పరిచిన పలకలకి కరుచుకుపోయాయి. ఊడి వచ్చింది ఒక్కటే, అదీ సాసరుతో కలిసి!

మరుసటి రోజు నాన్న వచ్చారు. పెట్టె సర్దేసి, ఆ అతుక్కున్న కప్పులోనే కాఫీ ఇచ్చాను. కప్పు ఎత్తితే సాసరూ లేచింది. అలవాటు కొద్దీ సాసర్లోకి వంచుకుని నోటి దగ్గర పెట్టుకుంటే కప్పు ముక్కుకి తగిలింది. "ఇదేటే, ముక్కు మీద గుద్దుతోంది!" అన్నారు. ఇక గత్యంతరం లేక, కాఫీ ఆరేదాకా కూర్చున్నారు. నాన్న కాఫీ కోసం ఆగడం నా జన్మలో అదే మొదటిసారి చూడడం.

ఆగిన మనిషికి నా మొహం కనబడింది. "ఆ కనుబొమ్మ ఏటయ్యింది?"

అంతా చెప్పాను. కోన్ల దండాల దగ్గరకొచ్చేసరికి ఆయన పొలమారేలా నవ్వారు, నేను వెక్కిళ్ళు పెట్టాను. నాన్న నింపాదిగా కాఫీ ఆఖరి చుక్కదాకా తాగి, కప్పు కింద పెట్టారు.

"పెట్టి సర్దీసావా?"

"సర్దేశాను నాన్నా."

"తీసీ. కప్పూ సాసరూ యిడియిడిగా వచ్చినదాకా ఇంటికి రాకు."

అవి విడివిడిగా రావడం మొదలై చాలా కాలమైంది. మంచివి ఎన్ని పట్టుకెళ్ళినా నాన్న బీరువాలో దాచేసి, ఆ అతుక్కున్న దానిలోనే తాగుతారు, ఆరేదాకా ఆగి మరీ. పిన్ని వినాయకుడు ఇప్పుడు బట్టీ బయట, తలుపు పైన ఉంటాడు. నా ఓపిక గురించి పిల్లలు అనుకునేదంతా ఉత్తిదే. బట్టీ వెలిగిన రోజున ఇప్పటికీ కాలు నిలవదు. కాకపోతే కంతలోకి తొంగిచూసే ముందు, ఒక చెయ్యి దానంతటదే వెళ్ళి ఎడమ కనుబొమ్మని కప్పుకుంటుంది.