ఎడమ చెవి

కుట్టుమిషనక్కకు చిన్నప్పటి నుంచీ ఎడమ చెవి వినపడదు. ఎవరు పలకరించినా మెడ తిప్పి కుడి చెవి ముందుకు పెడుతుంది. కుట్టు వంకరపోతే, వేసుకునేవాళ్లు "ఎవరు చూస్తార్లే అక్కా" అన్నా ఊరుకోదు. గుండుసూదులు పెదాల మధ్య బిగించి, మొత్తం విప్పి మళ్లీ కుడుతుంది. పోయిన ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆ చెవి మీద చెయ్యేసి ప్రార్థించి, "వినపడుతోందా?" అని గట్టిగా అడిగితే, అంతమంది ఆశగా చూస్తుంటే కాదనలేక తలూపింది.

ఈ ఆదివారం చెవి బాగైందని సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చారు. చప్పట్లకు అందరి చేతులూ లేచి ఉన్నాయి. "నాకింకా వినపడదండీ," అంది. "ఆవేళ తలూపింది అబద్ధం. బాగుచేసినా చెయ్యకపోయినా ఆయన నా దేవుడే. ఆయన పేరు మీద మాత్రం అబద్ధం చెప్పలేను." లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి. ఎవరి ఒళ్లోంచో బైబిలు జారి పడితే, ఆ చప్పుడుకు ఓ పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అక్క వచ్చి తన చోట కూర్చుంది. వారమంతా ఈ అద్భుతాన్ని వీధివీధికీ చెప్పుకొచ్చిన వదిన, ఎడమ పక్క నుంచి చెవిలోకి వంగి, "నా పరువంతా తీశావు కదే!" అని బుసకొట్టింది.

ఊపిరి వేడిగా తగిలి ఆమె మెడ తిప్పింది.

"ఇటు చెప్పు వదినా. అది వినపడదు."