కడిగేశామని చెప్పిన నెత్తురు

ఏజెన్సీలో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో పనిచేసినన్నాళ్ళూ డైరీలో రోజుకో పేజీ రాసేవాణ్ణి. ఎన్ని స్లైడులు చూశాను, వాటిలో ఏం కనిపించింది, కటకాలు ఎప్పుడు తుడిచాను, అన్నీ. ఒక పేజీలో మాత్రం చివరి ముక్క అబద్ధం. "మిగిలిన రక్తం పారబోశాను" అని ఉంది.

ఆ రోజు సంత జీపులో ఒక తల్లి ఎనిమిదేళ్ళ కూతుర్ని కొండ మీంచి తీసుకొచ్చింది. పిల్లకి కీళ్ళ నొప్పులు, కళ్ళు పచ్చబడ్డాయి. చేతి నుంచి గొట్టంలోకి రక్తం తీసి, ఒక చుక్క స్లైడు మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణాలు చాలావరకు వంగి, కొసదేరి ఉన్నాయి. పిల్ల తానూ చూస్తానని మారాం చేస్తే స్టూలు ఎక్కించాను.

"కొడవళ్ళే అమ్మా! నా నెత్తురు నిండా కొడవళ్ళే. ఇంక సోడి సేను నానొక్కర్తినే కోసీగల్ను!"

"ముందు నీ నోరు కొయ్యాలే," అని తల్లి నవ్వింది. తర్వాత నాతో, "బాబూ, సూడ్డం అయిపోతే మా గుంట నెత్తురు మాకిచ్చీండి. ఒంట్లోంచి తీసింది మా ఊరి మట్టిలోనే కలవాల. నేకపోతే మనిషి సగం బయటే తిరుగుతాది," అంది.

ఇస్తానన్నాను. కానీ డాక్టరుగారు గొట్టాన్ని నగరానికి పంపమన్నారు. మా మైక్రోస్కోపు వెలుగుతో చూపిస్తుంది. అక్కడి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కణం లోపలి పోగులు కూడా కనిపిస్తాయి. ఇదంతా ఆమెకి చెప్పడమెందుకని, స్లైడు ఎలాగూ కడిగాను కదా, "మొత్తం కడిగేశామమ్మా" అన్నాను.

"ఏటి బాబూ, అలాగ సేసీసినారు? ఎక్కడ పారబోసినారు?"

గోడ వెనక సింకు నీళ్ళు పారే చోటు చూపించాను. అక్కడి తడిమట్టి గుప్పెడు తీసి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకి నగరం ల్యాబు నుంచి ఫోటో వచ్చింది. ఒకే కణం, పేజీ అంత. లోపల వెదురు మోపు కట్టినట్టు పోగులు. డైరీలో "అద్భుతం" అని రాసుకున్నాను. ఆ వానాకాలంలోనే పిల్ల పోయిందని నర్సమ్మ చెప్పింది. అప్పట్నుంచి మైక్రోస్కోపుకి కన్ను ఆనించినప్పుడల్లా, అవతలి నుంచి ఎవరో స్టూలెక్కి ఇటు చూస్తున్నట్టుండేది. కళ్ళజోడు మార్చాను. కటకాలు రోజుకి రెండుసార్లు తుడిచాను.

రిటైరయ్యాక నగరం వెళ్ళి ఆ ల్యాబులో అడిగాను. అక్కడి అమ్మాయి నంబరు వెతికి, సొరుగులోంచి గోరంత పసుపు బిళ్ళ తీసింది. కణాల్ని ఇలా ప్లాస్టిక్‌లో పోసి గట్టిపరిచి, పల్చటి పొరలుగా కోసి చూస్తారట. మిగిలిన ముక్క అది. "ఎన్నేళ్ళయినా చెడదు సార్," అంది.

పోయిన నెల అది పట్టుకుని కొండెక్కాను. తల్లి వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె తిట్టలేదు. బిళ్ళని ఎండకెత్తి చూసింది.

"మా గుంట ఇందులో ఉందా?"

"ఉందమ్మా."

"పాతిపెడితే మట్టిలో కలుస్తాదా?"

"కలవదు."

బిళ్ళని గడప మీద పెట్టింది. "మరి నాను అట్టుకొచ్చి పాతిన మట్టి ఎవలిది బాబూ?"

ఈసారి అబద్ధం చెప్పలేదు. "మీ పిల్లది ఒక చుక్క. మిగతాది ఆ సింకు దగ్గర కడిగిన అందరిదీ. ఎవరెవరిదో నాకూ తెలీదు."

"ఇన్నాళ్ళూ దానికి అంబలి పోత్తన్నాను," అంది. "ఎవల పిల్లలో ఏటో, అలవాటు పడిపోయుంటారు. ఇప్పుడు మానీలేను."

లోపలికి వెళ్ళి రెండు ఆకుదొప్పల్లో అంబలి తెచ్చింది. ఒకటి పెరట్లో ఆ మట్టి పాతి రాళ్ళు పేర్చిన చోట పెట్టింది. రెండోది గడప మీద ఆ బిళ్ళ ముందు పెట్టి, "తాగే," అంది. నన్ను కూర్చోమనలేదు. దొప్పలో అంబలి చల్లారేదాకా నిలబడే ఉన్నాను.