గిన్నె మీద చెయ్యి

లారీ మమ్మల్ని దించేసరికి మంచు పడుతోంది. లడఖ్ కొండల్లో పోస్టింగ్. పైన మా పోస్ట్, కింద ఒక ఊరు. బూటు లేసు కట్టుకున్నా ఆయాసం వచ్చేది.

"నానక్‌రామ్‌గూడ ఎండ యాదికొస్తుందా?" అన్నాడు హవల్దార్. అది నా ఊరు, ఆయనది కరీంనగర్. "జర ఆగు. వారం పోతే ఏదీ యాదికి రాదు."

నిజమే. ముందు వేళ్లు మొద్దుబారాయి. తర్వాత మిగతా మనిషీ అంతే.

ఆ ఊళ్లో ఒకే ఇంటి నుంచి అన్న మసీదుకు, తమ్ముడు బౌద్ధ మఠానికి వెళ్లడం మామూలు. మాకు కిరోసిన్ మోసుకొచ్చే పోర్టర్ ఇల్లూ అలాంటిదే. చనిపోయిన తండ్రి ముస్లిం, తల్లి బౌద్ధురాలు. ఒక గోడకు ఖురాన్ అర, ఎదురుగా బుద్ధుడి ముందు దీపం. ఆ తల్లిని అందరూ ఆమా అనేవారు, అంటే అమ్మ.

పెట్రోలింగ్‌కు దిగినప్పుడల్లా వెన్న, ఉప్పు వేసిన టీ పోసేది. గుక్క తాగగానే గిన్నె నింపేది. చాలంటే వినదు. గిన్నె మీద చెయ్యి పెట్టాలి. అప్పటిదాకా వచ్చిన పని మాట ఎత్తకూడదు. అది అక్కడి మర్యాద.

చలికాలం నడుమ పోస్ట్ దారిలో మంచుచరియ విరిగిపడింది. పోర్టర్ కనిపించలేదు. మర్నాడు మధ్యాహ్నం రేడియో ఆపరేటర్ హెడ్‌సెట్ తీశాడు.

"దొరికాడండి. ప్రాణం లేదు." గుంటూరు మనిషి, ఆ మాట కూడా మర్యాదగానే అన్నాడు.

తల్లికి చెప్పి రమ్మని ఆర్డర్. హవల్దార్, నేను దిగాం. ఆమా మా ముఖాలు చూసింది. టీ పోసింది. హవల్దార్ గుక్క తాగాడు, నింపింది. నోరు తెరవబోయాడు, మళ్లీ నింపింది. ఆమెకు తెలిసిపోయిందని నాకప్పుడు అర్థమైంది. పోస్తున్నంతసేపూ మేం ఆ మాట చెప్పలేం.

చివరికి హవల్దార్ గిన్నె మీద చెయ్యి పెట్టాడు.

ఆమె ఆగలేదు. పొగలు కక్కుతున్న టీ ఆ చేతి మీదే పోసింది. కెటిల్ ఖాళీ అయ్యేదాకా ఆయన చెయ్యి తీయలేదు. నేను చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

ఇప్పుడు నానక్‌రామ్‌గూడలోనే ఒక ఐటీ టవర్‌కు సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. మొన్న ఆఫీసు కుర్రాళ్లు ఫోన్లో ఆ ఊరి ఫోటో చూపించారు.

"అన్నా, ట్రిప్ పోతున్నం. గీ ఊర్ల ఏం చూడాలె?"

"ఊరు మంచిగుంటది. చాయ్ ఇస్తరు," అన్నాను.

కళ్లముందు ఆ గదే. ఖాళీ కెటిల్ పక్కన పెట్టి, కాలిన ఆ చేతిని ఆమా ఒళ్లోకి తీసుకుని నోటితో ఊదుతోంది. "ఆమా, నీ కొడుకు..." అంటున్నాడు హవల్దార్. ఆమె ఊదుతూనే ఉంది.