వెచ్చగా ఉన్న సొర

బెళుగుప్ప బస్సులో నా పక్కన కూర్చున్న ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. నేను చూస్తున్నానని గమనించి తనే చెప్పాడు.

"మంగళూరులో చేపల బోటులో పన్జేస్తాంటి అన్నా. మాకో సొర పడింది. బాణం మాదిరి ఉరుకుతాది అది. నోరు మూసినా పండ్లు బయటే ఉంటాయి. బోటులోకి లాగి శానాసేపైనా కదల్లా. మా చెరువు ఎండితే చేపలు ఆడనే చచ్చిపోతాయి గదా, ఇదీ అంతే అనుకొని గాలం తీసేకి నోట్లో చెయ్యి పెడితి. కొరికేసింది."

"చచ్చిందో లేదో చూసుకోలేదాప్పా?"

"తాకితి గదా. చేప ఒళ్లు చల్లగుంటాది, దానిది వెచ్చగా ఉండె. ఎండకేమో అనుకొంటి. దాని నెత్తురే వెచ్చనంట, అందుకే అంత ఉరుకుడంట. వేళ్లు పోయినాక చెప్పినారు."

కిటికీ బయట వేరుశనగ చేలు వాడిపోయి నేలకు అతుక్కుని ఉన్నాయి. "ఈ ఏడు పంట అయిపోయినట్లే," అన్నాను.

ఆయన తన ఊరి దగ్గర దిగి, రోడ్డు పక్క చేలో గొంతుక్కూర్చుని, ఉన్న మూడు వేళ్లతో ఒక వేరుశనగ చెట్టు మొదట్లో మన్ను తవ్వాడు. తడి ఉందో లేదో నాకు తెలిసేలోపే బస్సు కదిలింది.

ఇప్పటికీ ఏదైనా అయిపోయిందని అనబోతే, నా చెయ్యి ముందు దాన్ని తాకి చూస్తుంది.